నూట రెండు మిల్లీమీటర్లు

దాళ్వా కోతలైపోయాయి.
ఆదివారం లంకలో పందెం.
ఇశ్రాయేలు బండి స్టాండేసి, చెమట తుడుచుకుంటూ:
"తిరగట్లేదు బాబాయ్.
మలుపు రాగానే ముందు చక్రం
నేనెవరో తెలియనట్టు గట్టుకేసి పోతోంది."

ముందు కాటా ఎక్కు, అన్నాను.

కొత్తపేట రోడ్డులో నా షెడ్డు పక్కనే కొబ్బరికాయల కాటా.
బూట్లతో, హెల్మెట్‌తో, మోకాళ్ళకి కట్టిన తొడుగులతో
ఎక్కి నిలబడ్డాడు.
ఎనభై రెండు.
"వలిచిన కాయలైతే నూటముప్పై పైచిలుకు" అన్నాడు
కాటా గవర్రాజు, నవ్వకుండానే.

ఈ బండి ఇంతకుముందు తొక్కినవాడు
గాలిపటంలాంటి కుర్రాడు.
స్ప్రింగు ఇంకా వాడినే మోస్తోంది.

కొలవడానికి టేపు లేదు నా దగ్గర.
ఎదురింటి కుట్టుమిషను మేరీరత్నాన్ని అడిగితే
మెడలోంచి తీసి ఇస్తూ, "మరకైందో..." అంది.
మిగతా మాట కళ్ళతో పూర్తిచేసింది.

వెనక చక్రం ఇరుసు నుంచి మడ్‌గార్డు మీద సుద్దగీత దాకా:
బండి గాల్లో ఉండగా ఒక కొలత,
వాడెక్కి కూర్చున్నాక ఒక కొలత.
తేడా నూట ఇరవై.
వెనక కూలబడి ఉంది, ముందు తేలిపోతోంది.
తేలిన చక్రం
మట్టిని ఏ చేత్తో పట్టుకుంటుంది?

ఇత్తడి ఉలి ఆనించి సుత్తితో తడుతూ
రింగు ఒక చుట్టు బిగించాను. నూట పదమూడు.
ఇంకో చుట్టు. దిగు, ఎక్కు. నూట ఏడు.
ముప్పావు చుట్టు. దిగు. ఎక్కు.
నూట రెండు.
అక్కడ ఆగాను. ఎందుకని అడిగితే చెప్పలేను,
చారులో ఉప్పు సరిపోయిందని ఎలా చెబుతాం?

ఫోర్కు గొట్టాలు పై క్లాంపులోంచి
రెండు బిళ్ళల మందం పైకి లాగాను.
ఇంతకు మించితే ప్రమాదం:
మలుపులో మాట వినే బండి
సూటిదారిలో తల ఆడిస్తుంది.
ఏదీ ఊరికే రాదురా, బండిలో కూడా.
రీబౌండు రెండు క్లిక్కులు వదులు,
ఒక గుంటలో కుంగింది లేచాకే
ఇంకో గుంట రావాలి కదా.
గాలి పదమూడు పాయింట్లు.

సాయంత్రం ఖాళీ చేలో తిప్పించాను.
మళ్ళీ గట్టుకే.

అప్పుడు చూశాను, బండిని కాదు, వాణ్ణి.
సీటు చివర కూర్చుంటున్నాడు, భయం కూర్చునే చోట.
కళ్ళు గట్టు మీదే.
చూసినచోటికే పోతోంది పాపం బండి,
దాని తప్పేముంది?

లంక కొసకి తీసుకెళ్ళాను.
మా నాన్న అరెకరం
ఇక్కడే ఏటి మలుపు వెలుపలి వైపు ఉండేది.
ఏడాదికో చాలు, ఏడాదికో చాలు, నది నమిలేసింది.
లోపలి వైపు ఇసక పోసి
ఎవరికో పుచ్చపాదు ఇచ్చింది.

"నీ చక్రం దీనికి తిరకాసు," అన్నాను.
"నది బయట కోసి లోపల పోస్తుంది.
మీరంతా లోపల కోసి బయట పోస్తారు.
పదో చుట్టుకి ఆ బయటి మట్టి గోడవుతుంది.
భయపడే గట్టు అదే, ఆనుకునే గట్టూ అదే.
ట్యాంకు మీదకి జరుగు. లోపలి కాలు ముందుకు చాపు.
బయటి పెగ్గు మీద బరువెయ్యి.
గట్టుని చూడకు,
గట్టు దాటాక వచ్చే దారిని చూడు."

వాడు ఏటినే చూస్తూ, "ఇది ఎవరిమాటా వినదు కదా బాబాయ్" అన్నాడు.
నాకు జవాబు దొరకలేదు.

ఆదివారం నాలుగో స్థానం.
కప్పు లేదు. ఫొటో లేదు.
జనం వెళ్ళిపోయాక నేనొక్కణ్ణే
మూడో మలుపు దగ్గరికెళ్ళి చూశాను:
అందరి జాడలూ విడిపోయి చెదిరినచోట
ఒకే ఒక గాడి, మట్టిగోడని రాసుకుంటూ,
కొడవలి తిప్పినట్టు వెళ్ళింది.
వాడిదేనా? అడగలేదు.

టేపు తిరిగిచ్చాను, సబ్బుతో రెండుసార్లు కడిగి.
పది సెంటీమీటర్లు దాటాక రెండు గీతల దగ్గర
నల్లటి వేలిముద్ర పోలేదు.
మేరీరత్నం తిట్టింది, ఆయ్, బాగానే తిట్టింది.
ఇప్పుడు ఆ ఊళ్ళో ఏ చంటిపిల్ల గౌను కొలిచినా
మధ్యలో ఒకచోట
నా వేలు తగులుతుంది.